రెండు క్యాన్ల సముద్రం

20 లీటర్ల సముద్రపు నీరు ఇరవైన్నర కిలోలు తూగుతుంది. ఈ లెక్క నేను చదివి నేర్చుకోలేదు. చేతికొక క్యాను చొప్పున 41 కిలోలు, లాసన్స్ బే ఇసుకలో మడమలు దిగబడుతుంటే రోడ్డు దాకా మోసి, అక్కడ రిక్షా ఎక్కించి, ఇంటి ముందు దించి, మూడో అంతస్తుకి మెట్లెక్కించి నేర్చుకున్నాను. 1979 నుంచి పద్ధెనిమిదేళ్ళ పాటు రెండు వారాలకొకసారి, ఆదివారం పొద్దున్నే ఇదే పని. ఇంట్లో ఉప్పునీటి చేపలు పెంచుకుంటానంటే ఆ రోజుల్లో విశాఖపట్నంలో నాకు మరో దారి లేదు.

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాదు నుంచి వచ్చాడు. చేపల మీద ఇష్టం వాడికి చిన్నప్పుడు మా ఇంట్లోనే అంటుకుంది. కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంటు, హాల్లో 200 లీటర్ల ట్యాంకు. “నీళ్ళు ఏ రోజు మారుస్తున్నావురా?” అని అడిగాను. “నేను మార్చడం లేదు మావయ్యా, అదే మార్చుకుంటుంది” అని ఫోను తెరిచి చూపించాడు. రోజుకి 4 లీటర్లు పాత నీరు బయటికి, 4 లీటర్లు కొత్త నీరు లోపలికి. పక్కన పచ్చటి టిక్కు. “ఆఖరిసారి ట్యాంకులో చెయ్యి ఎప్పుడు పెట్టావు?” అంటే వాడికి గుర్తు రాలేదు. ట్యాంకు పెట్టినవాడికి ఆ మాట గుర్తు లేకపోవడమేమిటని నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పోలేదు.

మోత మీద నాకేం మమకారం లేదు. నీళ్ళు మార్చే పని సులువు కావాలని నా అంతగా కోరుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ ఉండరు. ఇప్పటికీ వాన పడే ముందు నా కుడి భుజం సలుపుతుంది. కానీ నేను కోరుకున్న సులువు వేరు, ఇప్పుడు అమ్ముతున్న సులువు వేరు. నాకు కావలసింది భుజానికి విశ్రాంతి. అమ్మేవాళ్ళు విశ్రాంతి ఇస్తున్నది కళ్ళకి.

అసలు నీళ్ళెందుకు మార్చాలి? చేప విసర్జించేదీ, తినకుండా వదిలిన మేతా కుళ్ళి అమ్మోనియా అవుతుంది. అది విషం. రాళ్ళ మీదా ఇసుకలోనూ కాపురముండే ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తే, మరో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. మామూలు ఇంటి ట్యాంకులో కథ చాలావరకు అక్కడే ఆగిపోతుంది. నైట్రేట్ పేరుకుంటూనే ఉంటుంది. దాన్ని నమ్మకంగా బయటికి పంపే దారి పాత నీరు తీసి కొత్త నీరు పోయడమే. ఆవిరైనంత మేరా మంచినీళ్ళు పోసి “నీళ్ళు మార్చాను” అనేవాళ్ళని నేను చాలామందిని చూశాను. ఆవిరయ్యేది నీరొక్కటే. ఉప్పూ పోదు, మురికీ పోదు.

మా రోజుల్లో ఆ కొత్త నీరు సముద్రమే. అయితే సముద్రం కదా అని ఎప్పుడు పడితే అప్పుడు ముంచుకోవడానికి లేదు. నేను కాలేజీ ఫిజిక్సు ల్యాబులో పనిచేసేవాణ్ణి. సొంతానికి ఒక గాజు హైడ్రోమీటర్ కొనుక్కుని, పొడవాటి జాడీలో నీరు పట్టి, ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని, ఎండకి దాని రీడింగు ఎంత మారుతుందో లెక్కగట్టి, నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. ఏప్రిల్‌లో కిలో నీటికి 34 గ్రాముల ఉప్పు తేలేది. అదే ఒడ్డున అక్టోబరు, నవంబరుల్లో 25కి పడిపోయిన రోజులున్నాయి. మొదటి ఏడాది నా హైడ్రోమీటర్ పాడైందనుకున్నాను. పాడవలేదు. వానలు వెళ్ళాక మహానది, గంగా బ్రహ్మపుత్రల వరదనీరంతా తీరం వెంట ప్రవాహంగా దక్షిణానికి, మన మీదుగా దిగుతుంది. ఫిబ్రవరి నుంచి ఆ ప్రవాహం ఉత్తరానికి తిరుగుతుంది, అడుగునున్న చల్లటి ఉప్పు నీరు మన తీరం దగ్గర పైకి ఉబుకుతుంది. 1950లలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి వచ్చిన లఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఈ ఉబుకు నీటిని ఇక్కడే ఉండి పరిశీలించారు. జాలారిపేట తెప్పల మీది మనుషులకి మాత్రం అదంతా నాలుక మీదే ఉండేది. నేను క్యాన్లతో దిగుతుంటే ఒకాయన అరిచి చెప్పేవాడు: “ఒడ్డు నీరు వద్దు మాస్టారూ, గెడ్డ పొంగినాది. రేపు యాట నుంచొచ్చినప్పుడు లోపలి నీరు నాను తెస్తాను.” అన్నట్టే తెచ్చేవాడు. డబ్బు పుచ్చుకునేవాడు కాదు. పండక్కి వాళ్ళ పిల్లలకి బట్టలు పెట్టేవాళ్ళం.

తెచ్చిన నీరు తిన్నగా ట్యాంకులో పోస్తే ఒప్పుకోదు. నాలుగు మడతల పంచెగుడ్డలో వడకట్టి, మెట్ల కింద చీకట్లో, గోనెపట్టా కప్పిన డ్రమ్ముల్లో రెండు వారాలు ఉంచాలి. నీటిలోని కంటికి ఆనని జీవాలు వెలుతురు లేక చచ్చి అడుక్కి దిగుతాయి. పైన తేరిన నీరు మాత్రమే తీసుకుని, అడుగున మిగిలిన జానెడూ పారబోయాలి. అంటే మోసుకొచ్చినదాంట్లో కొంత మళ్ళీ కాలవ పాలు. ఆ డ్రమ్ములు కొనేముందు వాటిలో ఇంతకు మునుపు ఏం పోశారని పది ప్రశ్నలు వేసేవాణ్ణి. మందు వాసన ఏ కొంచెం తగిలినా ఎంత చవకైనా వద్దనేవాణ్ణి.

ఇక ట్యాంకు దగ్గర. పైపు ఒక కొస నీళ్ళలో పెట్టి రెండో కొస నోటితో లాగితే, తల తిప్పుకునేలోగా గొంతు దాకా ఉప్పు. బకెట్టు నిండాక బొటనవేలితో పైపు మూసి, బాత్‌రూములో పారబోసి, మళ్ళీ బకెట్టు. కొత్త నీరు పోయడం అంతకంటే నిదానం. ఇసుక చెదరకుండా లోపల ఒక పింగాణీ పళ్ళెం పెట్టి, దాని మీద మగ్గుతో సన్నగా ధార కట్టాలి. 40 లీటర్లకి గంట పట్టేది.

ఆ గంట సంగతి ఇప్పటి పిల్లలకి ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. ధార పోస్తున్నంతసేపూ మన మొహం అద్దానికి జానెడు దూరంలో ఉంటుంది. రాళ్ళ గుంటల్లో పట్టిన చారల చేప ఒకటి రోజూ కంటే గబగబా దవడలాడిస్తోంది. ఇంకోదాని తోక మీద ఉప్పు రవ్వంత తెల్ల చుక్క కనబడుతోంది, నిన్న లేదు. రాతి వెనక మేత ముక్క బూజుపట్టింది. సముద్రపు నత్త మూడు రోజులుగా ఉన్నచోటే ఉంది, తీసి వాసన చూడాలి. ఇవేవీ వెతికితే దొరికేవి కావు, చేతులు పనిలో ఉండి కళ్ళకి తీరిక దొరికినప్పుడు కనబడేవి. పద్ధెనిమిదేళ్ళలో నా ట్యాంకులో వచ్చిన ప్రతి జబ్బునీ ఆదివారం పొద్దున్నే పట్టుకున్నాను. మరే రోజూ కాదు.

ఒక వానాకాలం సముద్రం రెండు నెలలైనా బాగుపడలేదు. డ్రమ్ములు ఖాళీ. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు గళ్ళు మాకు దూరం కాదు. సముద్రాన్ని ఎండబెడితే వచ్చిన ఉప్పే కదా, మళ్ళీ నీళ్ళలో కలిపితే సముద్రమే అవుతుందనుకున్నాను. కొలిచి కలిపితే హైడ్రోమీటర్ కూడా సరిగ్గానే తేలింది. పది రోజుల్లో చేపల రంగు వెలిసింది, మేత మానేశాయి, రెండు పోయాయి. ఉప్పులో లోపమేమీ లేదు, అది వంటకి చేసిన ఉప్పు. మడిలో నీరు చిక్కబడేటప్పుడు ముందు సున్నం, జిప్సం దిగిపోతాయి. ఆ తర్వాత మనం తినే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం, పొటాషియం చేదునీటిలో ఉండిపోయి ఆ నీటితోనే బయటికి పోతాయి. అసలు సముద్రంలో లీటరుకి దాదాపు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 400కి పైచిలుకు కాల్షియం ఉండాలి. నేను పోసిన నీటిలో రుచి ఉంది గాని సముద్రం లేదు. తెలిసిన మనిషిని ఒక్క మాట అడిగి ఉంటే ఆ రెండు చేపలూ బతికేవి. నాకు ఇప్పటికీ బాధే.

అందుకే 1997లో అక్వేరియం కోసమే తయారుచేసే ఉప్పు పొడి చెన్నై నుంచి తెప్పించుకోగలిగినప్పుడు, ధర ఎక్కువైనా కళ్ళకద్దుకున్నాను. అందులో అన్నీ పాళ్ళ ప్రకారం ఉంటాయి. లీటరుకి ఇంచుమించు 36 గ్రాములు. ఎప్పుడూ నీటిలో ఉప్పు పోయాలి గాని ఉప్పు మీద నీరు పోయకూడదు. పోస్తే సున్నం విరిగి పాలలా తెల్లబడి అడుగున పేరుకుంటుంది, మళ్ళీ కరగదు. చిన్న పంపు వేసి ఒక రాత్రంతా తిరగనివ్వాలి. తూకాన్ని నమ్మడానికి లేదు, ఎందుకంటే మన తీరపు గాలికి సంచి తెరిచిన వారంలోనే ఉప్పు చెమ్మ పట్టి బరువెక్కుతుంది. పొద్దున్న ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద చుక్క వేసి చూసి 35 ఉంటేనే వాడాలి. కుళాయి నీటిలో క్లోరిన్ తీయడానికి మేము ఫొటో స్టూడియో నుంచి హైపో గింజలు తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు ఆర్వో మిషన్లు వచ్చాయి, ఆ బెడద తీరింది.

ఇలాంటి సులువులకి నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు. డ్రమ్ము కింద చక్రాల పలక వేయించిన రోజు మా ఆవిడా నేనూ దాన్ని హాల్లో అటూ ఇటూ తోసి చూసుకున్నాం. ట్యాంకు నుంచి బాత్‌రూము దాకా అందే పొడవాటి పైపు కొన్నాక బకెట్లు పోయాయి. డ్రమ్ములో పంపు పెట్టి నీరు పైకి ఎక్కిస్తే మగ్గు పోయింది. ట్యాంకు వెనక అద్దం మీద 20 లీటర్లు తగ్గితే నీరు ఎక్కడికి దిగుతుందో అక్కడ గీత పెట్టుకున్నాను, కొలత బాధ కూడా పోయింది. మొదలుపెట్టేముందు హీటరూ, ఆవిరికి బదులుగా మంచినీరు నింపే ఆటో టాప్ అప్పూ ఆపాలి. మరిచిపోతే హీటరు గాలికి తేలి పగులుతుంది, రెండోది నీరు తగ్గిందనుకుని ఉప్పులేని నీరు దబదబా నింపేస్తుంది. ఆ రెండు స్విచ్చులూ ఒకే బోర్డు మీదికి మార్పించాను. గంటన్నర పని ఇరవై నిమిషాలకి వచ్చింది. మిగిలిన సమయం కూడా నేను అక్కడే, స్టూలు మీద కూర్చుంటున్నాను.

కొంచెం కొంచెంగా తరచూ మార్చడమే మేలని కూడా ఆ ఇరవై నిమిషాల వల్లే తెలిసింది. 100 లీటర్ల ట్యాంకులో ఒకేసారి 50 లీటర్లు మారిస్తే పాత మురికి సగం పోతుంది. వారానికి 10 చొప్పున అయిదు వారాలు మారిస్తే 41 శాతం పోతుంది. లెక్కలో తొమ్మిది తక్కువే. కానీ వేడిలో గాని ఉప్పులో గాని చేపకి కుదుపు తెలియదు, మన నడుమూ పట్టదు. మోత ఉన్న రోజుల్లో వారం వారం మార్చడం నా వల్ల కాలేదు. సులువంటే ఇలా పనికొచ్చేది.

హుద్‌హుద్ గురించి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న తుఫాను మా ఊరి మీదే ఒడ్డు దాటింది. మా వీధికి కరెంటు ఎనిమిదో రోజుకి వచ్చింది. మోటారు లేదు, గాలి బుడగ లేదు, ఒడ్డున సముద్రం బురద రంగు. రెండు డ్రమ్ముల నిండా ముందే కలిపి ఉంచిన ఉప్పునీరు ఉండబట్టి సరిపోయింది. పూటకి 10 లీటర్లు పాతది తీసి కొత్తది పోశాం. మధ్యలో గంటకోసారి ట్యాంకు నీరే మగ్గుతో ముంచి ఎత్తునుంచి ధారగా వదిలేవాళ్ళం, గాలి కలవాలని. రాత్రిళ్ళు వంతులేసుకున్నాం. పదకొండు చేపల్లో పది మిగిలాయి. చేత్తో ఈ పని ఒక్కసారైనా చెయ్యని మనిషికి ఆ ఎనిమిది రోజులు ఏం తోచేది?

ఇప్పటి దుకాణంలోకి వెళితే మొదటి మాటే “ఇది పెట్టుకుంటే నీళ్ళు మార్చే పనే లేదు సార్”. ఒకాయన నాకొక సీసా చూపించి, రెండు మూతలు పోస్తే ఆర్నెల్లు నిశ్చింత అన్నాడు. లోపల ఏముందని అడిగితే చెప్పలేకపోయాడు. నీళ్ళు దాదాపు మార్చకుండానే గొప్పగా నడిపే నిపుణులు లోకంలో ఉన్నారు, కాదనను. వాళ్ళు కాల్షియం, మెగ్నీషియం, నైట్రేట్ వరసగా కొలుస్తారు, తగ్గినదాన్ని లెక్క ప్రకారం కలుపుతారు, మనకంటే ఎక్కువసేపు ట్యాంకు ముందే ఉంటారు. దుకాణంలో అమ్మేది వాళ్ళ ఓపికని కాదు, ఓపిక అక్కర్లేదన్న మాటని. పైగా అక్కడే గుట్టుగా పగడాలు కావాలా అని కూడా అడుగుతారు. పగడాలనీ సముద్రపు గుర్రాలనీ 2001లోనే వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి తెచ్చారు, సముద్రంలోంచి తీసి అమ్మడం నేరం. ఆ ప్రాణి పేరైనా సరిగ్గా తెలియని ఇంట్లో అది ఆర్నెల్లు బతకదు. వాళ్ళకి అది తెలుసు.

ఇక మా వాడి సంగతి. మార్చిలో ఫోను. “మావయ్యా, రెండు రొయ్యల్లో ఒకటి పోయింది.” చేపల ఒళ్ళు శుభ్రం చేసే ఎర్రచారల రొయ్యలు అవి, వాడికి ప్రాణం. చేపలకి ఏమీ కాలేదట, నీటి మట్టం గీత మీదే ఉందట, ఫోనులో టిక్కు పచ్చగానే ఉందట. “ఉప్పు కొలువు” అన్నాను. “మిషను...” అన్నాడు. “మిషను సంగతి తర్వాత. ముందు రిఫ్రాక్టోమీటర్‌ని 35 ద్రావణంతో సరిచేసి, ఒక చుక్క వేసి చూడు.” చూశాడు. 29.

జరిగిందిది. నీరు పంపే ఆ డోసింగ్ పంపులో రెండు తలలుంటాయి, ఒకటి తీయడానికి, ఒకటి పోయడానికి. పోసే గొట్టం కొసన ఉప్పు పేరుకుని సందు సన్నబడింది. రోజూ 4 లీటర్లు పోతున్నాయి, మూడే వస్తున్నాయి. నాలుగో లీటరు లోటుని ఆటో టాప్ అప్ మంచినీటితో పూడ్చేస్తోంది. అందుకే మట్టం కదల్లేదు, ఉప్పు మాత్రం దిగిపోతూ వచ్చింది. 200 లీటర్ల ట్యాంకులో ఇలా రెండు నెలలు సాగితే 35 కాస్తా 29 దగ్గరికి వస్తుంది, కాగితం మీద వేసి చూశాను, సరిగ్గా సరిపోయింది. మోటారు ఎన్ని చుట్లు తిరిగిందో ఫోనుకి తెలుసు. గొట్టంలోంచి ఎన్ని నీళ్ళొచ్చాయో దానికి తెలియదు. చేపలు ఆ తగ్గుదలని ఓర్చుకున్నాయి, రొయ్య ఓర్చుకోలేకపోయింది.

గొట్టం కడగమన్నాను. ఉప్పుని ఒక్కరోజులో పెంచవద్దన్నాను, ఆవిరైన నీటికి బదులు కలిపిన ఉప్పునీరు పోసుకుంటూ రోజుకి ఒక గ్రాముకి మించకుండా ఎక్కించమన్నాను. మిషను తీసేయమని అనలేదు. పొద్దున్నే ఉద్యోగానికి పోయి రాత్రి వచ్చే పిల్లాడు, ఉండనీ. కానీ నెలకోసారి రెండు గొట్టాల నీటినీ విడివిడిగా కొలపాత్రలో పట్టి చూడమన్నాను. ఆదివారం ఒక గంట మాత్రం మిషను ఆపేసి, పైపు పట్టుకుని ఇసుక మూలల్లో మడ్డిని స్వయంగా లాగమన్నాను. ఎందుకంటే ఆ పంపు నీటిని మారుస్తుంది గాని ఇసుకలో దిగిన మడ్డిని ముట్టుకోదు. “గంటా?” అన్నాడు. “గంటే” అన్నాను. వాడి పెళ్ళాం వెనక నుంచి “నేను చూస్తాను మావయ్యగారూ, ఆదివారం నేనే కూర్చోబెడతాను” అంది.

కిందటి ఆదివారం పొద్దున్నే మళ్ళీ ఫోను, వీడియో. వాడి గొంతు వణుకుతోంది. “రెండోది కూడా పోయింది మావయ్యా. మూలన మడ్డి లాగుతుంటే కనబడింది, తెల్లగా పడి ఉంది.” కెమెరా దగ్గరికి పెట్టమన్నాను. మీసాలతో సహా రొయ్య ఆకారమే, కానీ అద్దంలా పారదర్శకంగా, లోపల ఏమీ లేదు. “వెనక రాతి సందులో టార్చి వెయ్యి.” వేశాడు. ఒంటి రంగు కొత్తగా మెరుస్తూ, మెత్తటి ఒళ్ళు గట్టిపడేదాకా ఎవరికీ కనబడకూడదని నక్కి కూర్చుంది. గుల్ల విడిచింది. ఉప్పు ఎంతుందని అడిగాను. పొద్దున్నే చూశాడట. 34.5.